గేర్‌బాక్స్ ఆయిల్ ఉష్ణోగ్రత సెన్సర్: చాంబర్ దించకముందే దోషం ఎక్కడుందో తేల్చుకునే పద్ధతి

స్కానర్ పెట్టి చూస్తే గేర్‌బాక్స్ ఆయిల్ ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీలు. బండి నిలబడి ఉన్నది అమలాపురంలో, మే నెల మధ్యాహ్నం. లంబసింగి కూడా ఎరుగని చలి కోనసీమ కారు గేర్‌బాక్స్‌లోకి ఎలా వచ్చింది? రాలేదు. సెన్సర్ నుంచి కంప్యూటర్‌కు వెళ్లే దారి ఎక్కడో తెగింది, అంతే. అయినా ఇలాంటి బండి షెడ్డుకు వెళితే తరచుగా వినిపించే మాట ఒకటే: సెన్సర్ పోయింది, చాంబర్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించాలి. చాలా మోడళ్లలో సెన్సర్ ధర పెద్దదేమీ కాదు. చాంబర్ దించే కూలి, ఫిల్టర్, గ్యాస్కెట్, కొత్త ఆయిల్ కలిసి బిల్లును పెంచుతాయి. ఇంతా చేశాక స్కానర్‌లో మళ్లీ అదే మైనస్ 40 కనిపిస్తే ఆ డబ్బంతా గోదావరిలో పోసినట్టే.

డెల్టా బండ్ల విషయంలో నా లెక్క ఇది. నీరు, ఉప్పుగాలి, ఎలుక. ఈ మూడింటినీ దాటి వచ్చాకే సెన్సర్‌ను అనుమానించాలి. కింది పరీక్షల వరుస కూడా ఆ లెక్కనే ఉంటుంది. ఖర్చు లేనివి ముందు, రెంచి పట్టాల్సినవి చివర.

మీ బండిలో అసలు ఈ సెన్సర్ ఉందా?

క్లచ్ పెడల్ లేని ప్రతి బండినీ మనం ఆటోమేటిక్ అనేస్తాం. లోపల మాత్రం అవన్నీ ఒకటి కావు. మారుతి ఏజీఎస్ వంటి ఏఎంటీ బండ్లలో ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కే పని, గేరు మార్చే పని యంత్రం చేస్తుంది. ఈ వ్యాసంలోని పరీక్షలు వాటికి పనికిరావు. టార్క్ కన్వర్టర్, అంటే ఇంజిన్ బలాన్ని ఆయిల్ గుండా గేర్‌బాక్స్‌కు అందించే భాగం, ఉన్నవి (ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్, ఎక్స్‌యూవీ 700 ఆటోమేటిక్ వంటివి), విడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే సీవీటీలు (హోండా సిటీ, అమేజ్, పాత బాలెనో), ఆయిల్‌లో తిరిగే రెండు క్లచ్‌లున్న తడి క్లచ్ డీసీటీలు మన దారికి వస్తాయి. బండి పుస్తకంలో గేర్‌బాక్స్ రకం రాసి ఉంటుంది. ముందు అది చూడండి.

సెన్సర్ ఉండే చోటు కూడా మోడల్‌ను బట్టి మారుతుంది. ఎక్కువ బండ్లలో అది చాంబర్ లోపల, వాల్వ్ బాడీకి (ఆయిల్‌ను ఏ గేరుకు పంపాలో నడిపించే భాగానికి) ఆనుకుని, లోపలి తీగల గుత్తిలో భాగంగా ఆయిల్‌లో మునిగి ఉంటుంది. కొన్నింటిలో బయటి నుంచే బిగించి ఉంటుంది. బయట ఉన్న బండి మీదైతే అదృష్టవంతులు, పని సగం తగ్గింది.

లోపల జరిగేది

ఈ సెన్సర్ ఒక థర్మిస్టర్. వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. గేర్‌బాక్స్ కంప్యూటర్, అంటే టీసీఎం, తన లోపలి రెసిస్టర్ గుండా 5 వోల్టులు పంపి, సెన్సర్ దగ్గర ఎంత మిగిలిందో కొలుస్తుంది. ఆయిల్ చల్లగా ఉంటే నిరోధం ఎక్కువ కాబట్టి వోల్టేజి ఎక్కువ మిగులుతుంది. వేడెక్కితే అది పడిపోతుంది. తీగ పూర్తిగా తెగితే మొత్తం 5 వోల్టులూ మిగులుతాయి, కంప్యూటర్ దాన్ని మైనస్ 40గా చదువుతుంది. రెండు తీగలూ ఒకదానికొకటి తగిలితే, లేదా సిగ్నల్ తీగ బాడీ ఎర్త్‌కు తగిలితే వోల్టేజి దాదాపు సున్నా అవుతుంది. అప్పుడు 150 డిగ్రీలో, అంతకంటే ఎక్కువో చూపిస్తుంది. ఈ రెండు కొసలూ గుర్తుంటే సగం రోగ నిర్ధారణ స్కానర్ తెర మీదే అయిపోతుంది.

అన్ని బండ్లూ ఇలాగే ఉండవు. పాత మెర్సిడెస్ కార్లలో వచ్చిన 722.6 గేర్‌బాక్స్‌లో సెన్సర్ తీరు తలకిందులు, వేడెక్కితే నిరోధం పెరుగుతుంది. పైగా లివర్ పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటే ఆ సర్క్యూటే తెరుచుకుని ఉంటుంది. సంగతి తెలియక న్యూట్రల్‌లో ఓమ్‌లు కొలిచి మంచి భాగాన్ని పారేసేవారు ఉంటారు. మీటర్ తీసే ముందు మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో నిరోధాల పట్టిక దొరుకుతుందేమో చూసుకోమనడం అందుకే.

టీసీఎం ఈ ఉష్ణోగ్రతను ఊరికే చూడదు. ఆయిల్ చల్లగా ఉంటే టార్క్ కన్వర్టర్ లాకప్‌ను (ఇంజిన్‌నూ గేర్‌బాక్స్‌నూ నేరుగా బిగించి కలపడాన్ని) ఆలస్యం చేస్తుంది, లోపలి ఆయిల్ ఒత్తిడిని, అంటే లైన్ ప్రెషర్‌ను, సవరిస్తుంది. మరీ వేడెక్కితే ఇంజిన్ బలం తగ్గించమంటుంది, లేదా రక్షణ స్థితిలోకి వెళుతుంది. కాబట్టి తప్పుడు చలి చూపించే సెన్సర్ వల్ల హైవే మీద లాకప్ పడదు, ఇంజిన్ తిరుగుడు ఎక్కువగా ఉంటుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. తప్పుడు వేడి చూపిస్తే బండి నీరసిస్తుంది, హెచ్చరిక దీపం వెలుగుతుంది. గేరు కుదుపు రెండు సందర్భాల్లోనూ రావచ్చు. అయితే కుదుపుకు పాత ఆయిల్ మొదలుకొని సాలినాయిడ్ (ఆయిల్ దారిని కరెంటుతో తెరిచి మూసే కవాటం) దాకా సవాలక్ష కారణాలు ఉంటాయి. కుదుపు ఒక్కదాన్ని పట్టుకుని ఈ సెన్సర్ మీద నేరం మోపకండి.

మొదటి మెట్టు: కోడ్ చదవడం

దోషం కనిపెట్టినప్పుడు కంప్యూటర్ దాచే సంకేతమే కోడ్, స్కానర్ దాన్ని చూపిస్తుంది. పీ0710 అంటే సర్క్యూట్‌లో ఎక్కడో దోషం. పీ0712 అంటే వోల్టేజి మరీ తక్కువ, షార్ట్ వైపు చూడాలి. పీ0713 అంటే మరీ ఎక్కువ, తెగిన తీగ వైపు చూడాలి. పీ0714 వచ్చిపోయే దోషం. పీ0711 వీటన్నిటికంటే చికాకైనది. విలువ హద్దుల్లోనే ఉంటుంది కానీ నమ్మదగ్గట్టు ఉండదు. బండి ఎంత దూరం నడిచినా అంకె కదలకపోవడం, లేదా ఒక్కసారిగా ఎగిరి దూకడం ఇందులోకి వస్తాయి.

పీ0218 వీటి చుట్టం కాదు. ఆయిల్ నిజంగా కాగిపోయిందని కంప్యూటర్ నమ్మిందని దాని అర్థం. ఆ కోడ్ ఉంటే సెన్సర్ సంగతి తర్వాత, ముందు బండి నడపడం ఆపి ఆయిల్, కూలర్ చూడాలి.

ఆన్‌లైన్‌లో దొరికే చౌక బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (బండి కంప్యూటర్‌ను ఫోన్‌కు కలిపే ప్లగ్గు) కోడ్ చదవడానికి సరిపోవచ్చు. ఉష్ణోగ్రత అంకె చూడటానికి చాలాసార్లు సరిపోదు. గేర్‌బాక్స్ ఆయిల్ ఉష్ణోగ్రత సాధారణంగా ఓబీడీ ప్రామాణిక జాబితాలో దొరకదు, ఒక్కో కంపెనీ తనదైన పద్ధతిలో పంపుతుంది. మీ మోడల్‌కు సరిపడే యాప్ అయినా కావాలి, రాజమండ్రిలోనో భీమవరంలోనో మంచి స్కానర్ ఉన్న ఎలక్ట్రీషియన్ అయినా కావాలి. అక్కడికి వెళితే కోడ్‌ను చెరిపేయనివ్వకండి. దానితోపాటు ఆ క్షణంలో నమోదైన వేగం, ఇంజిన్ వేడి వంటి వివరాలు ఉంటాయి. ముందు వాటిని ఫోటో తీసుకోండి.

రెండో మెట్టు: రాత్రంతా నిలిచిన బండి

నన్నడిగితే మొత్తం వరుసలో విలువైన పరీక్ష ఇదే. పైసా ఖర్చు లేదు. బండిని రాత్రంతా నీడలో కదలకుండా ఉంచండి. తెల్లవారాక ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి మూడు అంకెలు చూడండి: ఇంజిన్ కూలెంట్, లోపలికి వచ్చే గాలి, గేర్‌బాక్స్ ఆయిల్. ఎనిమిది, పది గంటలు కదలని బండిలో ఈ మూడూ దాదాపు ఒకేలా, నాలుగైదు డిగ్రీల తేడాతో ఉండాలి. గోడకు తగిలించిన థర్మామీటర్ ఉంటే దానితోనూ సరిచూసుకోవచ్చు.

మూడింటిలో ఆయిల్ అంకె ఒక్కటే వేరుగా ఉంటే దోషం ఆ సర్క్యూట్‌లోనే. మూడూ కలిసి ఉంటే సెన్సర్ చల్లటి కొసలో నిజమే చెబుతోందన్నమాట. వేడి కొసలో ఏం చెబుతుందో ఇంకా తెలియదు.

ఒక జాగ్రత్త. కొన్ని కంప్యూటర్లు సర్క్యూట్ దోషం కనిపెట్టగానే అసలు విలువను పక్కన పెట్టి, కూలెంట్ ఉష్ణోగ్రతనో ఒక స్థిరమైన అంకెనో చూపిస్తాయి. అలాంటి బండిలో ఆయిల్, కూలెంట్ అంకెలు అచ్చంగా ఒకటై, ఇంజిన్ నడుస్తున్నప్పుడు కూడా జంటగా కదులుతుంటే సంతోషించకండి, అది ఎరువు తెచ్చుకున్న అంకె. స్కానర్‌లో సెన్సర్ వోల్టేజి విడిగా కనిపిస్తే దాన్ని నమ్మండి.

మూడో మెట్టు: నడిపి చూడటం

కూలెంట్ పది నిమిషాల్లో వేడెక్కుతుంది. గేర్‌బాక్స్ ఆయిల్ దానికంటే బద్ధకస్తురాలు, అరగంట దాకా పట్టవచ్చు. ఎక్కే తీరు నున్నగా, మెట్లు లేకుండా ఉండాలి. పక్కన ఒకరిని కూర్చోబెట్టి స్కానర్ చూడమనండి, డ్రైవింగ్ చేస్తూ మీరు చూడొద్దు. రావులపాలెం నుంచి సిద్ధాంతం వంతెన దాటి తణుకు వైపు సాగే 16వ నంబరు జాతీయ రహదారి ఈ పనికి చక్కటి దారి, ఒకే వేగంతో పోవచ్చు. చాలా టార్క్ కన్వర్టర్ బండ్లలో అంకె 75, 95 డిగ్రీల మధ్య ఎక్కడో స్థిరపడుతుంది. 120 దాటితే ఆలోచించాల్సిందే.

ఇక్కడ డెల్టా నైసర్గిక స్థితి మనకు సాయపడుతుంది. ధవళేశ్వరం దిగువన ఘాట్ లేదు, గట్టి ఎత్తు లేదు. వంతెన ఎక్కడమే మనకు కొండ ఎక్కడం. ఖాళీ బండి చదును దారిలో తిరుగుతుండగా ఆయిల్ 130 చూపిస్తే, నిజంగా కాగిందా అని సందేహించే హక్కు మీకు ఉంది. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్ ఎక్కుతూ, నిండా మనుషులతో, ఏసీతో అదే అంకె చూపిస్తే దాన్ని కొట్టిపారేయలేం.

సందేహం తీర్చుకోవడానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడండి. బండిని చదునైన చోట ఆపి, సురక్షితంగా చేయి అందితేనే, గేర్‌బాక్స్ చాంబర్ మీద గురిపెట్టండి. మెరిసే అల్యూమినియం మీద అది తక్కువ చూపించి మోసం చేస్తుంది. ముందే చల్లటి చాంబర్ మీద నల్ల టేపు ముక్క అతికించి, ఆ టేపు మీద కొలవండి. చాంబర్ బయటి వేడి లోపలి ఆయిల్ కంటే కొంత తక్కువ ఉండటం సహజం. పదిహేను, ఇరవై డిగ్రీలకు మించి తేడా వస్తే మాత్రం సెన్సర్ మాటకూ నిజానికీ పొంతన లేదన్నమాట.

నాలుగో మెట్టు: ఆయిల్ నిజంగానే కాగుతోందేమో

ఆయిల్ మట్టం తగ్గినా కాగుతుంది, పాతబడినా కాగుతుంది, కూలర్‌కు గాలి ఆడకపోయినా కాగుతుంది. నూర్పిళ్ల రోజుల్లో రోడ్డు మీద ధాన్యం, గడ్డి ఆరబోసిన దారుల్లో తిరిగే బండ్ల రేడియేటర్ ముందు ఊక, గడ్డిపరకలు పేరుకుపోతాయి. టార్చి వేసి, ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో చూడండి. ముందు నుంచి చూస్తే శుభ్రంగా కనిపించి, ఆ సందులో చాప అల్లినట్టు ఉండవచ్చు. వెనుక నుంచి ముందుకు తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టాలి. గట్టిగా కొడితే రేకులు వంగిపోతాయి.

డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) ఉన్న బండి అయితే ఆయిల్ రంగు చూడండి. ఎర్రగా పారదర్శకంగా ఉండాలి (కొన్ని సీవీటీ ఆయిళ్లు పచ్చగానో నీలంగానో ఉంటాయి). ముదురు గోధుమ రంగుతో మాడు వాసన వస్తే లోపల క్లచ్‌లు కాలుతున్నాయి. రాజమండ్రి రోజ్ మిల్క్ రంగులో ఉంటే ఆయిల్‌లో నీరు కలిసింది. రేడియేటర్ లోపలి కూలర్ చిట్లి కూలెంట్ కలిసి ఉండవచ్చు, లేదా వరద నీటిలో మునిగినప్పుడు గేర్‌బాక్స్ బ్రీదర్ గొట్టం గుండా నీరు లోపలికి వెళ్లి ఉండవచ్చు. అప్పుడు సెన్సర్ గురించి చదవడం ఆపేయండి. బండి స్టార్ట్ చేయకుండా లాగించుకుని వెళ్లాల్సిన స్థితి అది.

అయిదో మెట్టు: కప్లర్లు, తీగలు

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. 2022 జూలై వరదలో లంక గ్రామాలు ఎలా మునిగాయో మనకు తెలుసు. అంత నీరు అక్కర్లేదు, నిండిన కాలువ రోడ్డెక్కిన రోజున ఒక్కసారి దాటినా గేర్‌బాక్స్ కప్లర్ (తీగలను కలిపే ప్లగ్గు) తడుస్తుంది, అది బండి కింది భాగంలోనే ఉంటుంది కాబట్టి. భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద, నరసాపురం, అంతర్వేది వైపు సముద్రపు గాలిలో తిరిగే బండికి తడితోపాటు ఉప్పు కూడా అందుతుంది. రాగి పిన్నుల మీద పచ్చటి చిలుం అలాగే పుడుతుంది.

ఈ చిలుం, ఈ తడి సెన్సర్‌తో ఎలా అబద్ధం ఆడిస్తాయో తెలిస్తే వెతకడం తేలికవుతుంది. ఉదాహరణకు 20 డిగ్రీల దగ్గర 3,500 ఓమ్‌లు, 100 డిగ్రీల దగ్గర 180 ఓమ్‌ల చుట్టుపక్కల ఉండే సెన్సర్‌ను తీసుకోండి. పిన్ను మీది చిలుం దారిలో 100 ఓమ్‌లు అదనంగా చేర్చిందనుకుందాం. ఉదయం చల్లటి బండిలో 3,500కు 100 చేరితే తేడా ఒక డిగ్రీ కూడా రాదు. కాగిన బండిలో 180 కాస్తా 280 అవుతుంది, 100 డిగ్రీల ఆయిల్‌ను కంప్యూటర్ దాదాపు 85గా చదువుతుంది. కప్లర్‌లో తడి చేరి రెండు పిన్నుల మధ్య 10 కిలో ఓమ్‌ల దొంగదారి ఏర్పడిందనుకుందాం. ఇప్పుడు కథ తిరగబడుతుంది. వేడి బండిలో తేడా కనిపించదు, ఉదయం 20 డిగ్రీల ఆయిల్ 26 అయి కూర్చుంటుంది.

అంటే ఉదయం పరీక్షలో నిజం కంటే వేడిగా చూపించి, నడిపాక సరిగ్గా ఉంటే తడి కోసం వెతకండి. ఉదయం సరిగ్గా ఉండి, నడిపాక నిజం కంటే చల్లగా చూపిస్తే చిలుం, వదులు పిన్ను, సగం తెగిన తీగ కోసం వెతకండి. రెండో మెట్టును, మూడో మెట్టును విడివిడిగా చేయమన్నది ఇందుకే.

ఇక చేతి పని. బ్యాటరీ నెగటివ్ తీగ తీయండి. బండి కిందికి వెళ్లాలంటే సిమెంటు నేల మీద, చక్రాలకు అడ్డం పెట్టి, స్టాండ్ల మీద నిలపాలి. కాలువ గట్టు మీదో నల్లమట్టి పెరట్లోనో జాకీ ఎత్తకండి, మన నేల కిందికి దిగిపోతుంది. సైలెన్సర్ గొట్టం చల్లారే దాకా ఆగండి.

గేర్‌బాక్స్ పక్కనున్న పెద్ద కప్లర్‌ను లాక్ నొక్కి విప్పండి, తీగలు పట్టి లాగొద్దు. రబ్బరు సీలు చిట్లిందా, పిన్ను వంగిందా, చిలుం పట్టిందా, లోపల ఎర్రటి ఆయిల్ తడి ఉందా చూడండి. ఆయిల్ తడి ఉంటే లోపలి సీలు కారుతోంది. కొన్ని బండ్లలో ఆ ఆయిల్ తీగల లోపలి రాగి పోగుల వెంట ఎగబాకి కంప్యూటర్ కప్లర్ దాకా చేరుతుంది, కాబట్టి రెండో కొస కూడా విప్పి చూడాలి. టీసీఎం కాళ్ల దగ్గర కార్పెట్ కింద ఉండే మోడల్ అయితే ఆ కార్పెట్ తడిగా ఉందేమో చేత్తో తాకి చూడండి.

శుభ్రం చేయడానికి ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే వాడండి. కిరోసిన్, పెట్రోలు వద్దు, రబ్బరు సీళ్లు పాడవుతాయి. ఇసుక కాగితంతో పిన్నులు గీరకండి, పైపూత పోయి చిలుం ఇంకా త్వరగా పడుతుంది. ఆరాక సీలు అంచుకు డైఎలక్ట్రిక్ గ్రీజు పలుచగా రాసి బిగించండి.

ఎలుకల సంగతి. కోతల తర్వాత పొలాల్లో తిండి కరువై అవి ఇళ్ల వైపు, ఆగి ఉన్న బండ్ల వైపు వస్తాయి. ఇంజిన్ మీద ధాన్యపు పొట్టు, రెట్టలు, నమిలిన ఫోమ్ కనిపిస్తే తీగల గుత్తిని చివరి నుంచి చివరి దాకా వేళ్లతో తడమండి. పైన టేపు చుట్టి ఉన్న చోట లోపల తెగి ఉండవచ్చు. దొరికిన తెగుడును మెలిపెట్టి టేపు చుట్టి వదిలేయొద్దు. సోల్డర్ చేసి, జిగురు ఉన్న హీట్ ష్రింక్ స్లీవ్ తొడగాలి. మన గాలిలో మెలిపెట్టిన అతుకు ఒక్క వానాకాలం తట్టుకోవడం కష్టం.

ఆరో మెట్టు: తీసి చూడటం, కలిపి చూడటం

కప్లర్ శుభ్రం చేశాక కూడా అంకె మారకపోతే ఈ పరీక్ష చేయండి. వైరింగ్ బొమ్మ చూసి సెన్సర్ తీగలు రెండింటినీ గుర్తించండి. పెద్ద కప్లర్‌లో సాలినాయిడ్ల తీగలు కూడా ఉంటాయి కాబట్టి ఊహతో పిన్ను ఎంచుకోవడం ప్రమాదం.

కప్లర్ విప్పి, బ్యాటరీ కలిపి, తాళం ఆన్ చేయండి. స్కానర్‌లో అంకె మైనస్ 40కి వెళ్లాలి. తీగల వైపు కప్లర్‌లో ఆ రెండు పిన్నుల మధ్య మీటర్ 5 వోల్టుల దగ్గర చూపించాలి. తాళం ఆపి, ఆ రెండింటినీ సన్నటి తీగతో కలిపి మళ్లీ ఆన్ చేస్తే అంకె గరిష్ఠ వేడికి ఎగరాలి. రెండూ జరిగితే కంప్యూటరూ, అక్కడి వరకూ తీగలూ బాగున్నాయి, దోషం గేర్‌బాక్స్ లోపల. విప్పినా మైనస్ 40 రాకుండా వేడిగానే ఉంటే తీగల్లో షార్ట్. కలిపినా మైనస్ 40 దగ్గరే ఉంటే తీగ తెగింది, లేదా ఎర్త్ అందడం లేదు. చూపించే అంకె ఎరువుదైతే తాళం ఆన్ చేసిన మొదటి క్షణాల్లోనే చూడాలి. ఈ పరీక్షలో ఇతర కోడ్‌లు కూడా పుట్టుకొస్తాయి, కంగారు పడొద్దు, చివర్లో చెరిపేయవచ్చు.

బల్బు టెస్టర్ ఇక్కడ వాడనే వాడొద్దు. హెడ్‌లైటు తీగ వెతకడానికి అది బాగా పనికొస్తుంది. 5 వోల్టుల సిగ్నల్ తీగకు తగిలిస్తే అది లాగే కరెంటుకు టీసీఎం దెబ్బతినవచ్చు. డిజిటల్ మల్టీమీటర్ మాత్రమే. అలాగే మీటర్ ముల్లును తీగ తొడుగులో గుచ్చి కొలవకండి. ఆ చిన్న రంధ్రం గుండా ఉప్పు తేమ దిగి, కొన్ని నెలల్లో లోపలి రాగి పొడి అవుతుంది. కప్లర్ వెనుక నుంచి సన్నటి పిన్ను దూర్చి కొలవడమే పద్ధతి.

ఏడో మెట్టు: ఓమ్‌లు

తాళం ఆపి, గేర్‌బాక్స్ వైపు పిన్నుల మధ్య నిరోధం కొలవండి. మొదట ఉదయం చల్లగా, తర్వాత నడిపి వేడెక్కాక. రెండు కొలతల మధ్య పెద్ద తగ్గుదల ఉండాలి, వేలల్లో మొదలై వందల్లోకి రావాలి. అంకె కచ్చితంగా ఎంతన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. నిస్సాన్ బండ్లు కొన్నింటిలో 20 డిగ్రీల దగ్గర 6.5 కిలో ఓమ్‌లు, 80 దగ్గర 0.9 కిలో ఓమ్‌ల చుట్టూ ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర, పైన నేను ఉదాహరణగా తీసుకున్న సెన్సర్‌కు అది దాదాపు రెట్టింపు. ఇతరుల బండి అంకెతో మీ సెన్సర్‌కు శిక్ష వేయకండి.

అదే నిరోధాన్ని టీసీఎం కప్లర్ దగ్గర కూడా కొలవండి. రెండు చోట్లా కొలతలు రెండు మూడు ఓమ్‌ల తేడాలో కలవాలి. కలవకపోతే మధ్యలో తీగదే తప్పు. చివరగా సెన్సర్ పిన్ను ఒక్కోదానికీ గేర్‌బాక్స్ లోహపు ఒంటికీ మధ్య కొలవండి. సెన్సర్‌కు తనదైన ఎర్త్ తీగ ఉన్న బండ్లలో అక్కడ దారి ఉండకూడదు.

వచ్చిపోయే దోషం అయితే మీటర్ పెట్టి ఉంచి, తీగల గుత్తిని జానెడు జానెడు చొప్పున కదిలిస్తూ పోండి. అంకె ఎగిరిన చోట ఆగండి.

ఎనిమిదో మెట్టు: చాంబర్ దించాక

ఇక్కడి దాకా వచ్చి, అన్నీ లోపలి వైపే వేలు చూపిస్తే అప్పుడు చాంబర్ దించండి. పాత సెన్సర్‌ను పారేసే ముందు దాన్ని ఒకసారి కొలవండి, లోపలి తీగ విరిగి సెన్సర్ బాగానే ఉన్న సందర్భాలూ ఉంటాయి. డెల్టా సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంది కాబట్టి మన దగ్గర నీరు 100 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. బాగా కలిపిన ఐసు ముక్కల నీళ్లు 0 డిగ్రీలు. థర్మామీటర్ లేకపోయినా రెండు కచ్చితమైన స్థానాలు చేతిలో ఉన్నట్టే. సెన్సర్ కొసను మాత్రం ముంచి, పిన్నులకు నీరు తగలకుండా, రెండు చోట్లా నిమిషం ఆగి కొలిచి మాన్యువల్ పట్టికతో పోల్చండి. వంటకు వాడే గిన్నె వద్దు, ఇంట్లో గొడవ సంగతి అటుంచితే గేర్‌బాక్స్ ఆయిల్ కడుపులోకి పోకూడనిది.

చాంబర్ అడుగున అయస్కాంతం మీద సన్నటి బూడిద రంగు పొడి ఉండటం మామూలే. లోహపు ముక్కలు, పొరలు ఉంటే మీ సమస్య సెన్సర్ కంటే పెద్దది.

కొత్త సెన్సర్ కొన్నప్పుడు కూడా బిగించే ముందు గది ఉష్ణోగ్రతలో ఒకసారి కొలవండి. ఆయిల్ విషయంలో బేరం ఆడొద్దు, కంపెనీ చెప్పిన రకమే పోయాలి. సీవీటీలో మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పోస్తే బెల్టు జారి గేర్‌బాక్సే పోతుంది.

ఆయిల్ నింపేటప్పుడు ఒక ఉచ్చు ఉంది. డిప్‌స్టిక్ లేని చాలా గేర్‌బాక్స్‌లలో మట్టం చూసేది ఓవర్‌ఫ్లో బోల్టు ద్వారా, అదీ ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ 40 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నప్పుడు. కచ్చితమైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. ఆ 40 అని చెప్పేది ఈ సెన్సరే. అది అబద్ధం చెబితే మట్టం కూడా తప్పుతుంది. వేడిగా ఉన్నప్పుడు ఆయిల్ ఉబ్బి ఎక్కువ కారిపోతుంది, చల్లారాక తక్కువైపోతుంది. కాబట్టి చెడు సెన్సర్‌తో తిరిగిన కాలంలో ఎవరైనా ఆయిల్ మార్చి ఉంటే ఆ మట్టాన్ని నమ్మకండి. ఇప్పుడు కూడా స్కానర్ అంకెతోపాటు చాంబర్ మీది టేపుపై ఇన్‌ఫ్రారెడ్ కొలత చూసి, రెండూ దగ్గరగా ఉన్నాకే బోల్టు విప్పండి. మే నెలలో మరో ఇబ్బంది, నీడలో ఉన్న బండి కూడా ఉదయం పది దాటితే ఆ హద్దుకు దగ్గరలోనే మొదలవుతుంది. మట్టం చూసే పని తెల్లవారుజామున పెట్టుకోండి.

ఆఖరున కోడ్‌లు చెరిపి, లివర్‌ను పార్క్ నుంచి డ్రైవ్ దాకా ఒక్కో చోట కొన్ని క్షణాలు ఆపుతూ తిప్పండి. మీ మోడల్‌కు గేర్‌బాక్స్ నేర్చుకునే ప్రక్రియను స్కానర్‌తో మళ్లీ చేయించాల్సి ఉంటే అదీ చేయించండి. తర్వాత రెండో మెట్టు, మూడో మెట్టు పరీక్షలను మళ్లీ చేయండి. ఉదయం మూడు అంకెలూ కలిసి, హైవే మీద అంకె నున్నగా ఎక్కి, లాకప్ పడినప్పుడు ఇంజిన్ తిరుగుడు తగ్గితే పని అయినట్టు. పీ0711 ఉన్న బండిలో కంప్యూటర్ తన పరీక్షను ముగించడానికి ఒక చల్లటి స్టార్ట్, ఒక పూర్తి ప్రయాణం కంటే ఎక్కువే పట్టవచ్చు. అందుకని షెడ్డు ముందే దీపం ఆరిందని బిల్లు చెల్లించి వచ్చేయకుండా, ఒకటి రెండు రోజులు నడిపి చూసి లెక్క ముగిస్తామని మేస్త్రికి ముందే చెప్పండి.